మాఫీ అడగని వార్డరమ్మ

పోయిన గురువారం పొద్దున నయాపూల్ దగ్గర, నేను పనిచేసే టైపింగ్ దుకాణంలో ఎవరిదో అర్జీ కొడుతుండగా ఫోన్ వచ్చింది. లాల్‌దర్వాజాలో నాకు గది అద్దెకిచ్చిన పెద్దమ్మ చేసింది. "మీ వార్డరమ్మ పోయింది బిడ్డా. చాయ్ తాగుకుంటనే కుర్చీల ఒరిగిపోయిందట" అంది. ఆ 'మీ' అన్న మాట నాకు గుచ్చుకుంది. అర్జీ పూర్తిచేసి, ప్రింటు తీసి మనిషి చేతిలో పెట్టాకే లేచాను. ఏడుపు రాలేదు. చదివేవారికి ముందే చెబుతున్నాను, ఇది ప్రేమతో మొదలుపెట్టిన రాత కాదు.

నేను ఏడేళ్లు జైల్లో ఉన్నాను. నీళ్ల దగ్గర గొడవపడి నా తోడికోడలిని మెట్ల మీంచి తోశాను. ఆమె చనిపోయింది. నన్ను పెట్టిన బ్యారక్‌కు వార్డరమ్మ వార్డరు. ఎవరినైనా రికార్డులో ఉన్నట్టు తండ్రి పేరుతో కలిపి పిలిచేది. అన్నం బాగాలేదంటే, ఇంట్లో ఉండి తినాల్సింది అనేది. ఒక ములాఖత్ రోజున మా అమ్మ, అయిదేళ్ల నా కూతుర్ని వెంటబెట్టుకుని రెండు బస్సులు మారి వచ్చింది. పది నిమిషాలు ఆలస్యమైంది. ఆ రోజు గేటు డ్యూటీలో ఉన్న వార్డరమ్మ టైం అయిపోయిందని అక్కడి నుంచే పంపేసింది. ఆ సంగతి నాకు మర్నాడు తెలిసింది. నెల తిరక్కుండానే అమ్మ పోయింది, పాపను హాస్టల్లో చేర్చారు. మా అమ్మను చివరిసారి చూడాల్సిన రోజు అలా పోయింది.

విడుదలయ్యాక కొన్నాళ్లు ఒక వసతిగృహంలో తలదాచుకున్నాను. జైలు నుంచి వచ్చిన ఆడవాళ్లకు ఇల్లూ పనీ చూసిపెట్టే ఒకావిడ ప్రతి ఆదివారం వస్తుందని అక్కడివాళ్లు చెప్పారు. తీరా బయటికొచ్చి చూస్తే వార్డరమ్మ. ఖాకీ లేదు, నీలం వాయిల్ చీర కట్టుకుంది. రిటైరయ్యాక ఈ పని పెట్టుకుందట, ఎవరూ జీతమివ్వరు. నేను లోపలికి వెళ్లిపోయాను. మరుసటి ఆదివారం కూడా అంతే చేశాను. నాలుగో వారం నేనే వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. అద్దె ఇల్లు చూపిస్తే గాని కూతుర్ని అప్పగించేది లేదని హాస్టల్‌వాళ్లు చెప్పారు. నాకు వేరే దిక్కు లేదు.

ఇద్దరం సందులన్నీ తిరిగాం. ప్రతి గుమ్మం ముందూ ఆమె నాకంటే ముందే నోరు తెరిచేది. ఈమె ఏడేళ్లు జైల్లో ఉండొచ్చింది, తోడికోడలిని తోస్తే ఆమె చచ్చిపోయింది, నేను అక్కడి వార్డర్ను అని చెప్పేసేది. తలుపులు మూసుకునేవి. ఒకావిడ మేమింకా అక్కడుండగానే, మేము నిలబడ్డ అరుగు మీద బిందెడు నీళ్లు పోసి కడిగింది. ఆ రోజు పత్తర్‌గట్టిలో ఒక హోటల్ ముందు నేను ఆగలేకపోయాను. నా తోడికోడలు జారిపడిందని చెబితే మీదేం పోతుందని గట్టిగానే అడిగాను. నలుగురూ తిరిగి చూశారు. ఆమె తొణకలేదు. చాయ్ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ అంది:

"నువ్వు తోసినవ్. ముందుగాల చెప్తే తలుపు మూస్తరు, గంతే. ఎనుక తెలిస్తే నీ బిడ్డ ముంగట సామాన్ బయట పడేస్తరు."

ఆ మాట నిజమని నాకు తెలుసు. అందుకే ఆమె మీద ఇంకా మండింది.

చివరికి లాల్‌దర్వాజాలో, ఒంటరిగా ఉండే ఈ పెద్దమ్మ అంతా విని ఒకే ప్రశ్న అడిగింది: "ఇప్పుడు గూడ కోపమొస్తదా?" వార్డరమ్మ నా తరఫున జవాబు చెప్పలేదు. నా వైపు చూసింది. వస్తుందని చెప్పాను. పెద్దమ్మ లోపలికి వెళ్లి తాళంచెవి తెచ్చి ఇచ్చింది.

కథ అక్కడితో తీరలేదు. సోమవారం హాస్టల్‌వాళ్లు ఇల్లు చూడటానికి వస్తారనగా, శనివారం పొద్దున గల్లీలోని వాళ్లు పదిమంది దాకా గుంపుగా వచ్చారు. ఆడపిల్లలున్న గల్లీలో ఇలాంటిదాన్ని ఎలా ఉండనిస్తామని పెద్దమ్మ మీద అరిచారు. పెద్దమ్మ భయపడిపోయింది. కబురందుకున్న వార్డరమ్మ నాలుగు సందుల అవతల ఉన్న తన ఇంటి నుంచి స్టూలు పట్టుకుని వచ్చి, నా గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చుంది. బతిమాలలేదు, నేను మంచిదాన్నని కూడా చెప్పలేదు.

"జైలు మీరు చూడలే. నేను ముప్పై ఏండ్లు చూసిన," అంది. "ఆడికొచ్చెటోళ్లు ఏడికెల్లో రారు, గిసోంటి గల్లీలకెల్లే వస్తరు. రేపు మీ ఇంట్లకెల్లి ఎవరన్న పోతే, ఇల్లు జూడుమని నా దగ్గర్కే వస్తరు మీరు."

ఎవరో ఆమెను చెప్పరాని మాట అన్నారు. ఆమె కదలలేదు. మూడు రోజులూ పొద్దున వచ్చి చీకటిపడేదాకా అక్కడే కూర్చుంది. సోమవారం హాస్టల్‌వాళ్లు వచ్చి, ఇల్లు చూసి, సంతకాలు చేయించుకుని వెళ్లారు. ఆ వారమే నా కూతురు వచ్చింది. అప్పటికి దానికి పదేళ్లు.

గేటు దగ్గర తనను వెనక్కి పంపిన మనిషిని అది గుర్తుపట్టింది. వార్డరమ్మ ఎప్పుడు వచ్చినా పాప లోపలికి వెళ్లి తలుపేసుకునేది. ఆమె ఆ తలుపు తట్టలేదు. ఒకసారి నేనే అడిగాను, ఆ రోజు పాపను ఎందుకు పంపేశారని.

"రూలని పంపిన. తప్పు చేసిన," అంది. "మాఫీ మాత్రం అడగ. నువ్వు మాఫ్ చేస్తే నాకు పానం తేలికైతది. గట్ల కావద్దు."

నేనూ మాఫ్ చేస్తానని అనలేదు. ఆమె బతికున్నన్నాళ్లూ మా మధ్య ఆ లెక్క అలాగే ఉండిపోయింది. అయినా దుకాణంలో పని చూసిపెట్టింది ఆమే, నాకు జ్వరమొస్తే పెద్దమ్మ చేతికి మందులిచ్చి వెళ్లిందీ ఆమే.

శుక్రవారం ఆమె ఖననానికి సమాధుల తోటకు గల్లీవాళ్లూ వచ్చారు. ఆనాడు ఆమెను నానా మాటలన్న వాళ్లే పూలదండలు తెచ్చి, ఎంత సేవ చేసిందో తల్లి అంటుంటే నా ఒళ్లు మండిపోయింది. గోడ పక్కన జైలు నుంచి వచ్చిన నాలాంటి ఆడవాళ్లు తొమ్మిదిమంది నిలబడ్డారు. అందరూ వెళ్లిపోయాక ఒక్కొక్కరం దగ్గరికి వెళ్లి పిడికెడు మట్టి వేశాం. నేను రెండు పిడికిళ్లు వేశాను. రెండోది ఎందుకు వేశానో నాకు తెలియదు.

నా కూతురు లోపలికి రాలేదు. రానని ఇంటి దగ్గరే చెప్పింది. బడికి వెళ్లమన్నాను, అదీ వెళ్లలేదు. నేను బయటికొచ్చేసరికి యూనిఫాంలో, ఎండలో, గేటు పక్కన నిలబడి ఉంది. మట్టి అంటిన నా చేతుల్ని చూసి, బ్యాగులోంచి నీళ్ల సీసా తీసి, మూత తిప్పి నెమ్మదిగా వంచింది. నేను చేతులు కడుక్కున్నాను. అక్కడ నేల లోపలికి, సమాధుల వైపుకే వాలి ఉంది. మట్టి కలిసిన ఎర్రటి నీళ్లు గేటు కింది నుంచి సన్నగా లోపలికే పారుతుంటే, నేను చేతులు తీసేశాక కూడా అది సీసా ఖాళీ అయ్యేదాకా వంచుతూనే ఉంది.