మిలాగ్రోస్ చెప్పిన అబద్ధం

మిలాగ్రోస్ తుపాస్ దియోకాంపో గురించి ఇలోయిలో ఊళ్ళో ఎవరికీ తెలియని సంగతంటూ లేదు. బజారులో ఆమెది బాచోయ్ కొట్టు. కాలేయం ముక్కలూ నూడుల్సూ వేసిన ఆ వేడి పులుసు గిన్నెడు తాగేలోపు తన జీవితం సగం చెప్పేస్తుంది. మిగతా సగం అరవయ్యో పుట్టినరోజుకు అచ్చయి ఇంటి గేటుకు వేలాడింది. నిలువెత్తు ఫ్లెక్సీ మీద ఆమె బొమ్మ, పుట్టిన తేదీ, 'బేబీ' అన్న ముద్దుపేరు, పూర్తి పేరు. అక్కడ పూర్తి పేరంటే మధ్యలో తల్లి పుట్టింటిపేరు ఉండి తీరాలి, లేకపోతే తల్లికి అవమానం. వేడుక అయి ఏడాది గడిచినా ఆమె ఆ ఫ్లెక్సీ దించనివ్వలేదు. దాని నీడన కుక్క పడుకుని వచ్చేపోయేవాళ్ళ మీద మొరిగేది. "నోర్ముయ్, బ్రౌనీ" అని ఆమె వీధి చివరిదాకా వినపడేలా కసిరేది.

ఆమె మెయిల్ ఖాతాకు కాపలా మూడు ప్రశ్నలు: తల్లి పుట్టింటిపేరు, చిన్నప్పటి ముద్దుపేరు, కుక్క పేరు. ఇలాంటి కాపలా కనిపెట్టిన మహానుభావుణ్ణి ఆ బాచోయ్ కుండలోనే ఉడకబెట్టాలి. ఎవడో వెధవ గేటు ముందు కాసేపు నిలబడి దర్జాగా ఖాతాలోకి దూరాడు. మర్నాడు బంధువులందరికీ ఆమె పేరు మీద ఒళ్ళు తగ్గించే మాత్రల ప్రకటన అందింది. ఆమె ఒళ్ళు చూసినవాళ్ళెవరూ ఒక్క మాత్ర కూడా కొనలేదు.

మేనకోడలు చరీస్ నానా తంటాలు పడి ఖాతా వెనక్కి తెచ్చింది. ఈసారి నిజాలు రాయొద్దని గట్టిగా చెప్పింది.

"అబద్ధం రాయత్తా. నిన్నెరిగినవాళ్ళు చచ్చినా నమ్మనిది రాయి."

మిలాగ్రోస్ బుద్ధిగా అబద్ధాలు రాసింది, అంతే బుద్ధిగా మర్చిపోయింది. ఆ తర్వాత ఫోన్ పులుసు కుండలో పడి సిమ్ముతో సహా ఉడికింది. కొత్త ఫోన్ ఆమెను దొంగను చూసినట్టు చూసి ఒకే ప్రశ్న వేసింది: మీకు ఇష్టమైన గాయకుడెవరు?

ఆ ఖాతాలో ఆమెకు కావలసింది ఒక్కటే, మొగుడు డిగోయ్ పాడిన వీడియో. అది ఇంకెక్కడా లేదు. అతను పోయి రెండేళ్ళు కావస్తోంది, వర్ధంతి వచ్చే ఆదివారమే. బతికున్నప్పుడు అతను పెరట్లో మైకు పట్టుకున్నాడంటే వీధి వీధంతా కిటికీలు మూసేసేది. మాడిన మూకుడు గోకినా ఇంతకంటే వినసొంపుగా ఉంటుందని ఆమె అందరి ముందూ అనేది, చెప్పు కూడా విసిరేది. ఇప్పుడు ఆ గొంతు కోసమే ఆమెకు నిద్ర పట్టడం లేదు.

ఇరుగుపొరుగు సాయానికొచ్చి కొట్టు నింపేశారు. ఎరిగినవాళ్ళు చచ్చినా నమ్మనిదే జవాబని చరీస్ వాళ్ళకు చెప్పింది. మిలాగ్రోస్ గురించి వాళ్ళకు తెలియని నిజం లేదు, పనికొచ్చే అబద్ధం మాత్రం ఒక్కటీ తెలియదు. రేడియోలో పాడేవాళ్ళలో ఆమెకు గిట్టనివాళ్ళందరినీ ఏకరువు పెట్టారు. ఇద్దరి పేర్లు కొట్టి చూస్తే రెండూ తప్పే. ఇంకొక్కసారి తప్పితే ఖాతా శాశ్వతంగా పోతుందని ఫోన్ హెచ్చరించింది.

"నేను చచ్చినా నమ్మనిదా?" అంది పక్కకొట్టు నెనీటా, ఊరికే ఉండలేక. "మీ ఆయన బాగా పాడతాడంటే నమ్మను."

అందరూ పగలబడి నవ్వారు. మిలాగ్రోస్ నవ్వలేదు. చేతులు తుడుచుకుని, అందర్నీ అటు తిరగమని, ఒక్కో అక్షరమే నొక్కింది. డిగోయ్.

ఖాతా తెరుచుకుంది. తెర మీద డిగోయ్ మైకు పట్టుకుని, మొదటి చరణంలోనే శ్రుతి తప్పాడు. కొట్టుదాకా వెంట వచ్చిన బ్రౌనీ బల్ల కింద ఊళ పెట్టింది.

చరీస్ తెర వైపు తొంగి చూసి, "అబద్ధం రాయమన్నాను కదత్తా" అంది.

"అబద్ధమనుకునే రాశానే," అంది మిలాగ్రోస్. "సౌండ్ పెంచు."