పదిహేడడుగుల ఖాళీ

మా పిన్ని దర్జీ. ముప్పై ఏళ్లుగా ముందుగదిలో మిషను వేసుకుని వీధి మొత్తానికీ చొక్కాలూ ప్యాంట్లూ కుడుతోంది. టేపు మెడలో ఉంటుందన్న మాటే గానీ దానితో ఆమెకు పెద్దగా పనిలేదు. మనిషి గుమ్మంలో నిలబడితే చాలు, నడుము కొలత చెప్పేస్తుంది. ఆమెకున్న జబ్బల్లా ఒకటే. ఏది కుట్టినా లోపల రెండువేళ్ల గుడ్డ అదనంగా వదులుతుంది. "రేపు లావైతే విప్పుకోడానికి ఉండాలి కదే" అంటుంది. గాలికి ఎగిరిపోయేలా ఉన్నవాడికైనా సరే, అంతే.

బాబాయి ఇరవయ్యారేళ్లు స్కూలు వ్యాను నడిపాడు. తన సొంత పాత కారుకు చిన్న గీత కూడా పడనిచ్చేవాడు కాదు. అలాంటి మనిషికి యాభై తొమ్మిదో ఏట పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. ఊరికి ఆ చివరన ఉన్న ఆసుపత్రిలో చేర్చారు. నర్సు తినిపించబోతే పసిపిల్లాడిలా నోరు బిగించేవాడు. పిన్ని పెడితేనే తినేవాడు. ఆమె రెండు బస్సులు మారి వెళ్లేసరికి గంటన్నర పట్టేది.

ఒకరోజు కారు తాళాలు తెచ్చి నా ముందు పెట్టింది.

"నేర్పవే."

"యాభై నాలుగేళ్లొచ్చాకా పిన్నీ?"

"ఆయనకి ఏదైనా అయితే ఆ నిమిషానికి నేను పక్కనుండాలి. బస్సు కోసం చూస్తూ నిలబడి ఉండకూడదు."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నేర్పడానికి పనికొచ్చే మనిషిని కాను. అయినా ఆదివారాలు, మూతపడిన గిడ్డంగి వెనక సందులో రెండు డ్రమ్ములు నిలబెట్టి మొదలుపెట్టాను. ముందుకు నడపడం తొందరగానే వచ్చింది. పరీక్షలో ఎలాగో గట్టెక్కి లైసెన్సు కూడా తెచ్చుకుంది. కానీ ఆసుపత్రి వీధిలో కార్లన్నీ ఫుట్‌పాత్ వారగా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. మధ్యలో దొరికిన ఖాళీలోకి వెనక్కి పోనిచ్చి దూర్చాల్సిందే. ఆ పారలల్ పార్కింగ్ దగ్గర ఇద్దరికీ తల ప్రాణం తోకకొచ్చింది.

డ్రమ్ముల మధ్య ఖాళీ ఎంతో అంగుళం తేడా లేకుండా చెప్పేది. తీరా వెనక్కి వెళ్లేటప్పుడు వెనక డ్రమ్ముకి ఇంకా గజం దూరముండగానే ఆపేసేది. కారు మూతి రోడ్డు మీదే మిగిలిపోయేది.

"ఇంకా వెళ్లు!"

"కొంచెం వదలద్దూ?"

"ఇది ప్యాంటు కాదు పిన్నీ!" అని అరిచాను. ఆ రోజు నేను క్షమించమని అడగలేదు.

సంగతి విని బాబాయి మందుల పెట్టెలు అడిగాడు, చేత్తో సైగ చేసి. రెండు పెట్టెలు దుప్పటి మీద ముందొకటి, వెనకొకటి పెట్టి, మూడోదాన్ని ఎడమచేత్తో మెల్లగా వాటి మధ్యలోకి తోశాడు. వెనక పెట్టెకి దాదాపు ఆనించాడు. పిన్ని దాన్ని వేలెడు ముందుకు జరిపింది. ఆయన మళ్లీ వెనక్కి తోశాడు. ఆమె మళ్లీ జరిపింది. ఆయన సగం మూతితో నవ్వాడు. జబ్బుపడ్డాక ఆయన నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

రెండు నెలలు గడిచినా ఆమెకు రాలేదు. నాకు విసుగొచ్చింది. "ఇరుకు ఖాళీల జోలికి పోకు. ఒక చుట్టు తిరిగి రా, సులువైనది దొరుకుతుంది" అని చెప్పి చేతులు దులిపేసుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు నా ఆదివారాలు కావాలి. పాపం, నేను చెప్పినట్టే చేసింది. మూడు వారాలు సాఫీగానే గడిచాయి.

నాలుగో వారం, మంగళవారం పొద్దున పదింటికి నర్సు ఫోన్ చేసింది. ఊపిరి అందడం లేదు, వెంటనే రమ్మంది. పిన్ని ఇరవై నిమిషాల్లో ఆసుపత్రి ముందుంది. సరిగ్గా గేటు ఎదురుగా ఖాళీ ఉంది. పదిహేడడుగులు. మన కారు పన్నెండే.

వెనక్కి పోనిచ్చింది. ఎప్పటిలాగే ముందే ఆపేసింది, మూతి బయటే ఉండిపోయింది. వెనకవాళ్లు హారన్లు మొదలుపెట్టారు. ఎద్దు పుండు కాకికి ముద్దా! ఆమెకు నా మాట గుర్తొచ్చింది. బయటికి తీసి, రెండు సిగ్నళ్లు దాటి చుట్టు తిరిగి వచ్చింది. ఖాళీ అలాగే ఉంది. మళ్లీ ప్రయత్నించింది, మళ్లీ అంతే. ఇంకో చుట్టు తిరిగి వచ్చేసరికి అక్కడ సరుకుల వ్యాను నిలబడి ఉంది. చివరికి రెండు వీధుల అవతల కారు వదిలి పరుగెత్తింది.

ఆమె వార్డు చేరేసరికి బాబాయి పోయి ఆరు నిమిషాలైంది. చివరిదాకా తలుపు వైపే చూస్తున్నాడని నర్సు చెప్పింది. చెప్పకుండా ఉండాల్సింది.

ఇప్పుడు పిన్ని ఎంత ఇరుకులోనైనా ఒక్క ఊపులో కారు పెడుతుంది. నన్ను అడగలేదు, ఎప్పుడు నేర్చుకుందో తెలియదు. మొన్న బజారులో అలా పెట్టి ఇంజన్ ఆపినప్పుడు నేనిక ఆపుకోలేకపోయాను.

"చుట్టు తిరిగి రమ్మని నేనే చెప్పాను పిన్నీ."

ఆమె నా వైపు చూడలేదు.

"నీదేం లేదులేవే. కారు రోడ్డు మధ్యలోనే పడేసి పరుగెత్తాల్సింది. ఎవరైనా గీరేస్తే ఆయన బాధపడతాడని చూశా."