ఖాళీ ఫ్రేములో హీరో

బజారు మలుపులో కళ్లజోళ్ల దుకాణం నడిపే ఆయనకు, ప్రేమ మీద తనకు గట్టి పట్టుందని నమ్మకం. పగలంతా కంటిపరీక్షలు, తీరిక దొరికితే వారపత్రికకు సీరియల్. పదకొండు వారాలుగా ఆయన సీరియల్లో హీరో, హీరోయిన్ కళ్లలోకి రెప్ప వేయకుండా చూస్తున్నాడు. అన్ని వారాలు రెప్ప వేయకపోతే కళ్లు ఎండిపోతాయని వృత్తిరీత్యా ఆయనకు తెలుసు, సాహిత్యరీత్యా మరిచిపోయాడు.

ఆ ఉదయం సంపాదకుడు ఫోన్ చేశాడు. వీళ్లిద్దరూ ప్రేమికుల్లా లేరు, ఫొటోకి నిలబడ్డవాళ్లలా ఉన్నారని పాఠకులు రాస్తున్నారట. శుక్రవారం ఇచ్చే భాగమైనా నమ్మేలా లేకపోతే సీరియల్ ఆపేస్తామన్నాడు. ఇరవై ఏళ్లు కథలు తిరుగుటపాలో అందుకుని, చివరికి ఆయన సాధించుకున్న మొదటి సీరియల్ అది.

కౌంటరు దగ్గర ఫ్రేములు తుడుస్తున్న భార్య ముందు గోడు వెళ్లబోసుకున్నాడు. ఆమె పెద్దగా చలించలేదు.

"మీవాడు చూడ్డం తప్ప ఆ పిల్లని ఒక్క మాటైనా అడిగాడా?"

"ఏం అడగాలే?"

"అదీ నన్నే అడగండి."

అంతలో ఒక కుర్రజంట వచ్చింది. భర్త తన కళ్లజోడు తీసి, లెన్సుల్లేని ఖాళీ ఫ్రేము పెట్టుకున్నాడు. జోడు లేనిదే అద్దంలో తన మొహం తనకే మసక. అందుకని అద్దం మానేసి భార్య వైపు తిరిగి నిలబడ్డాడు. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. ఇంకొకటి పెట్టాడు. మళ్లీ అడ్డంగానే. ఏడో ఫ్రేముని ముక్కు మీద రెండు వేళ్లతో సర్ది, "ఇది పర్లేదు, కాస్త తెలివైనవాడిలా ఉన్నావ్" అంది. అతను అదే తీసుకున్నాడు.

ఇలాంటి జంటలను మన రచయిత ఇరవై ఏళ్లుగా చూసి, ఫ్రేము కట్టిచ్చి సాగనంపి, ఆనక కూర్చుని వెన్నెల గురించి రాశాడు.

ఆ మధ్యాహ్నం షట్టరు సగం దించి, హీరోకు మైనస్ నాలుగు పవర్ ప్రసాదించాడు. ఖాళీ ఫ్రేము పెట్టి హీరోయిన్ ఎదుట నిలబెట్టాడు. ఆమె ఏమంటుందో మాత్రం పాలుపోలేదు. చివరికి తన జోడే తీసేసి, చేతికందిన ఫ్రేమొకటి పెట్టుకుని భార్య ముందు నిలబడ్డాడు. ఆమె మొహం మసకగా ఉంది. నవ్వుతోందో లేదో తెలియలేదు. పెళ్లయ్యాక ఆమె జవాబు కోసం అంత బెరుగ్గా ఎదురుచూడటం అదే మొదటిసారి.

"తీసేయండి," అంది ఆమె. "మీరు మీలా లేరు."

ఆ మాటను ఉన్నదున్నట్టు హీరోయిన్ చేత అనిపించాడు.

శనివారం సంపాదకుడి ఫోన్. సీరియల్ సాగుతుందన్నాడు. ఆ పిల్లకి ఇన్నాళ్లకు ప్రాణం వచ్చిందట. హీరో మాత్రం ఇంకా కాస్త అయోమయంగానే ఉన్నాడట, సరిచేయగలరా అని అడిగాడు. ఆయన ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి భార్య సలహా కోరాడు.

"అది మార్చకండి," అంది ఆమె. "నమ్మేలా ఉన్నదే అదొక్కటి."