మూడు రాళ్ల గుర్తు

సాయినాథ్ ప్లాస్టిక్ కుర్చీకి రెండు పక్కలా వెదురు బొంగులు ఆనించి, తాడు రెండో చుట్టు బిగిస్తున్నాడు. పెళ్లిళ్లలో వేసే మామూలు ఎర్ర కుర్చీ అది. దాని చేతుల మీద బరువు పడితే విరుగుతాయి. అందుకని తాడును సీటు కింద నుంచి తెచ్చి బొంగులకు చుట్టి, మళ్లీ కిందికే దింపాడు. కూర్చున్న మనిషిని తాడు మోయాలి, కుర్చీ కాదు. ముడి పడ్డాక మోకాలు ఆనించి, పళ్లు బిగబట్టి లాగాడు.

వాకిట్లో కల్లాపి చల్లుతున్న అండాలు చెంబు పట్టుకుని ఆగింది.

"గిదేందయ్యా, పొద్దుగాల్నే పాడె గట్టుకుంట కూసున్నవ్?"

"పాడె గాదు. కుర్చి."

"బొంగులు, తాడు. ఇగ కుండొకటి తక్కువ."

సాయినాథ్ రెండో బొంగు వైపుకు జరిగాడు. మొగుడి ముఖం చూసి అండాలు నవ్వు ఆపేసింది. ఆ కుర్చీ ఎవరి కోసమో ఆమెకు తెలుసు.

గుండ్లపోచంపల్లి చుట్టూ చేన్లన్నీ ప్లాట్లవుతున్న రోజుల్లో సాయినాథ్ సర్వేవాళ్ల వెంట గొలుసు పట్టి తిరిగాడు. జొన్న కొయ్యకాళ్ల మీద, రాళ్ల గుట్టల మీద, బురదలో, ఎండలో. నేల ఎక్కడ గట్టిగా ఉంటుందో, ఎక్కడ కాలు దిగబడుతుందో పాదాలతోనే నేర్చుకున్నాడు. తర్వాత మిషన్లు వచ్చాయి. గొలుసు పట్టేవాడి అవసరం పోయింది. కారు నడపడం నేర్చుకుని, తుర్కపల్లి ల్యాబులకు ఉద్యోగులను దింపే పనిలో చేరాడు. ఒక శనివారం నలుగురైదుగురు ఉద్యోగులు జలపాతం చూపించమంటే తీసుకెళ్లాడు. వాళ్లు మరో నలుగురికి చెప్పారు. అట్లా అదీ ఒక పనైంది.

ఆ పనిని అతను తన పద్ధతిలో చేసేవాడు. జనాన్ని తీసుకెళ్లేముందు ఒక్కడే పోయి వాగు చూసి వచ్చేవాడు. పైన వాన పడిందా అని పశువుల కాపరులను అడిగేవాడు. పాత ఊళ్లలో ఎవరింట్లోనైనా రొట్టెలకు చెప్పి పెట్టేవాడు. దారి చీలిన ప్రతిచోటా, వెళ్లవలసిన వైపు, మూడు రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చేవాడు. బయలుదేరేముందు అందరితో ఒకే మాట అనేవాడు: "వెనక వడ్డోళ్లు పరేషాన్ గావద్దు. మూడు రాళ్లు గనవడ్తే గదే మన తొవ్వ." తిరిగి వచ్చేటప్పుడు ఆ రాళ్లను తానే పడగొట్టేవాడు.

విశ్వతేజ అతని వెంట రెండుసార్లు వచ్చాడు. తుర్కపల్లి ల్యాబులో పని. మిగతావాళ్లు ఫొటోలకు నిలబడితే అతను మాత్రం సాయినాథ్ పక్కనే కూర్చుని రాళ్లు పేర్చేవాడు. పెద్దది కిందికి, బల్లపరుపుది మధ్యకు, చిన్నది పైకి. చేతికి పని అబ్బినవాడని సాయినాథ్‌కు ముచ్చటేసింది. పోయిన శ్రావణంలో విశ్వతేజ స్నేహితులతో కలిసి బైకుల మీద నిర్మల్ అవతలి తొట్టిగుండం జలపాతానికి వెళ్లాడు. అటువైపు సాయినాథ్ ఎప్పుడూ పోలేదు. విశ్వతేజ తిరిగి రాలేదు.

సంవత్సరీకం దగ్గరపడుతుండగా అతని తండ్రి చక్రపాణి సాయినాథ్ ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. తెనాలి వైపు మనిషి, బ్యాంకులో చేసి దిగిపోయాడు. శామీర్‌పేట రోడ్డులో కొత్త కాలనీలో ఉంటారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"వద్దని నేనూ చెప్పి చూశానండి. వాళ్లమ్మ వినట్లేదు. వాడు కాలు పెట్టిన చోటు చూస్తే గానీ సరిగ్గా అన్నం ముట్టనంటోంది. మోకాళ్లు రెండూ పోయాయి ఆవిడకి. మీరైతే దారి చూడగలరని వాడి స్నేహితులు చెప్పారు."

"వానకాలం సార్. బండలు పాచి వట్టి ఉంటయ్."

"వాడు పోయిందీ వానాకాలంలోనే కదండీ."

సాయినాథ్ తల వంచుకున్నాడు. "ముందుగాల నేను వోయి చూసొస్త," అన్నాడు.

ఒక్కడే వెళ్లాడు. నిర్మల్ దాటి, ఘాట్ ఎక్కి, తారు రోడ్డు వదిలి వాగు వెంట లోయలోకి దిగాడు. కూలిన బురుజు చుట్టూ రాతి గోడల ఇళ్లు. ఆ ఊళ్లో మేకలు కాసే గౌరయ్య దొరికాడు. విశ్వతేజను గుండంలోంచి తీసినవాళ్లలో అతనొకడు. ఇద్దరూ వాగు వెంట నడిచారు. దారి పెద్ద కష్టం కాదు, కుర్చీ పడుతుంది. అక్కడక్కడ ముళ్లకంప కొట్టాలి, ఒకచోట రాళ్లు సర్ది మెట్టు చేయాలి. సాయినాథ్ మనసులోనే అన్నీ గుర్తు పెట్టుకున్నాడు.

గుండం ఒడ్డుకు వచ్చాక ఆగిపోయాడు.

నల్లమద్ది చెట్టుకూ ఒక నిలువు బండకూ మధ్య సందు. ఆ సందు దాటితే నల్లటి బండ నీళ్లలోకి వాలి ఉంది. దాని మీద, ఒకదాని తర్వాత ఒకటిగా, మూడేసి రాళ్ల పేర్పులు. పెద్దది కింద, బల్లపరుపుది మధ్యన, చిన్నది పైన.

"గీ రాళ్లు ఎవలు వెట్టిండ్రు?"

"మేమే. నీళ్లు మనిషిని గుంజుకున్న కాడ మూడు రాళ్లు వెడ్తం. మా తాతలకెళ్లి గంతే. ఆడ కాలు వెట్టద్దని." గౌరయ్య కర్రతో చూపించాడు. "గది మా మేనత్తది. గది గొడ్లు కాసేటోనిది. ఆ కొసకున్నది మీ పట్నం పిలగానిది."

సాయినాథ్ ఆ కొస రాళ్లను కింది నుంచి పైకి మళ్లీ చూశాడు.

"నేను అవుతలి ఒడ్డుకు మేకలు కాస్తుంటి ఆ దినం," అన్నాడు గౌరయ్య. "అందరికంటె ముంగట ఆ పిలగాడే. రాళ్లు చూసి మస్తు సంబరపడ్డడు. ‘ఇటు రండ్రా, రాళ్లున్నాయి, దారి ఇదే’ అని సోపతిగాళ్లను పిలిచిండంట, ఆళ్లే అటెన్క చెప్పిండ్రు. నేను అర్చిన. నీళ్ల సప్పుడుకు ఇనవడలే."

సాయినాథ్ ఆ రాళ్లకు ఎదురుగా కూర్చున్నాడు. గౌరయ్య బీడీ ఇస్తే తీసుకున్నాడు గానీ వెలిగించలేదు. లేచేసరికి ఒక సంగతి మాత్రం తేల్చుకున్నాడు. తల్లిని ఈ సందు దాకా తేకూడదు. వెనక మలుపులో ఇప్పచెట్టు ఉంది. అక్కడి నుంచి నీళ్లు కనబడతాయి, రాళ్లు కనబడవు. కుర్చీ అక్కడే దించాలి.

అనుకున్న రోజు తెల్లవారకముందే బయలుదేరారు. మేడ్చల్ దాటేదాకా చక్రపాణి ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడు. వెనక సీట్లో విశ్వతేజ తల్లి పార్వతీదేవి కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. కారు పైన కట్టిన కుర్చీ గతుకుల్లో టకటకమంటోంది.

ఊళ్లో గౌరయ్య, అతని అల్లుడు కుర్మయ్య సిద్ధంగా ఉన్నారు. పార్వతీదేవి కుర్చీలో కూర్చుని రెండు చేతులా బొంగులు పట్టుకుంది. ఇద్దరూ భుజాలకెత్తుకున్నారు. సాయినాథ్ కొడవలితో ముందు నడిచాడు.

"మామా, బరువంత నా మీదికే నూకుతున్నవ్," అన్నాడు వెనకనుంచి కుర్మయ్య.

"పిల్లనిచ్చినప్పుడే నీకు మొయ్యుడు రాసిపెట్టుంది. నడువ్ రా అల్లుడా."

పార్వతీదేవి పెదవులు కొద్దిగా కదిలాయి. ఆ మాత్రం చూసి చక్రపాణి కళ్లు తుడుచుకున్నాడు.

ఇప్పచెట్టు దగ్గర సాయినాథ్ చెయ్యెత్తాడు. కుర్చీ దించారు. కొమ్మల సందుల్లోంచి తెల్లగా నీళ్లు దూకుతున్నాయి.

"గదేనమ్మా గుండం. ఈడికెళ్లి మంచిగ గనవడ్తది."

ఆమె కుర్చీలో ముందుకు వంగి చూసింది.

"వాడు పడింది ఇక్కడ కాదు కదండీ."

"ఇంకింత ముంగట. గాడ బండలు సక్కగ లెవ్వు."

"మీరు చూసొచ్చారు కదా. చూసొచ్చాకే కదా ఈ కుర్చీ కట్టారు. ఎక్కడిదాకా అని కట్టారు?"

సాయినాథ్ కొడవలి మొనతో నేల గీశాడు.

"పోనీలే పార్వతీ," అన్నాడు చక్రపాణి. "కనబడుతోంది కదా, ఇక్కడే దణ్ణం పెట్టుకుందాం."

"నీళ్లు చూడ్డానికి వచ్చానా నేను? వాణ్ణి తెల్లగుడ్డలో చుట్టి ఇచ్చారు. మొహం కూడా పూర్తిగా చూడనివ్వలేదు. ఈ ఒక్కటన్నా చూడనివ్వండి."

కుర్మయ్య సాయినాథ్ వైపు చూశాడు. సాయినాథ్ కొడవలి నడుముకు దోపుకుని, "లేపుండ్రి," అన్నాడు. ఈసారి గౌరయ్యను తప్పించి బొంగుల ముందు కొసలు తనే భుజాన వేసుకున్నాడు.

నల్లమద్ది చెట్టు దగ్గర కుర్చీ దిగింది. చెట్టు పట్టుకుని పార్వతీదేవి లేచి నిలబడింది. నీళ్ల తుంపర ఆమె ముఖం మీద పడుతోంది. బండ మీది రాళ్లను వరసగా, ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది. కొసన ఉన్న పేర్పుకు ఇంకా పాచి పట్టలేదు. పసుపు చార మాత్రం మిగిలింది.

గౌరయ్య మెల్లగా చెప్పాడు, అవి ఎవరివో, ఎందుకు పెడతారో. ఆఖరి దాని దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించాడు.

ఆమె సాయినాథ్ వైపు తిరిగింది.

"మూడు రాళ్లు. మీ గుర్తు కదూ ఇది?"

"అవునమ్మా."

"మీతో మొదటిసారి వెళ్లొచ్చిన రోజు వాడు మూడు బిస్కెట్లు ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించాడు. ‘ఇది కనబడితే చాలమ్మా, ఇంక దారి తప్పను’ అన్నాడు. ఆ బిస్కెట్లు తీసి డబ్బాలో వేసేశాను. బల్ల మీద చీమలు పడతాయని."

చక్రపాణి భార్య భుజం మీద చెయ్యి వేశాడు. కొడుకు ఈ రాళ్లనే దారి అనుకున్నాడని అతనికి ఇప్పుడు అర్థమైంది. సాయినాథ్‌ను ఏదో అనబోయి, అనలేక, అటు తిరిగాడు. సాయినాథ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వాళ్లు ఏమంటే అది పడదామనే నిలబడ్డాడు.

పార్వతీదేవి బండ మీది రాళ్లు చూపించింది. "రేపో మాపో ఇంకొకళ్లు వస్తారు, వీటిని చూసి ఇదే దారి అనుకుంటారు. ఈ కుర్చీ విప్పండి."

"అమ్మా?"

"బొంగులున్నాయి, తాడుంది. ఈ సందుకి అడ్డం కట్టండి."

"మరి మీరు ఎట్ల వోతరు? నేను మళ్ల బొంగులు దెచ్చి కడ్త."

"రేపు కడతారు. ఈ పూట ఎవరన్నా వస్తే? నేను నడుస్తాను. ఎంతసేపు పడితే అంతసేపు."

సాయినాథ్ కూర్చుని ముళ్లు విప్పాడు. ఇంటి దగ్గర మోకాలు ఆనించి బిగించినవి, తడిసి మరింత బిగుసుకున్నాయి. గోరు చీలింది. తాడు ఊడాక ఒక బొంగును నడుము ఎత్తులో, ఇంకోదాన్ని మోకాలి ఎత్తులో సందుకు అడ్డంగా పెట్టాడు. ఒక కొస చెట్టు మొదలుకు, ఇంకో కొస నిలువు బండ చీలికలోకి. చీలికలో బొంగు కదలకుండా గులకరాళ్లు దట్టించి మరో రాయితో కొట్టాడు. చెట్టు వైపు తాడును అడ్డంగా, నిలువుగా, మళ్లీ అడ్డంగా చుట్టాడు. కుర్మయ్య కొస లాగాడు. ఆఖరి ముడికి ముందు సాయినాథ్ తన చొక్కా అంచు చించి, దాంతో ఎర్ర కుర్చీని బొంగుల మధ్య తలకిందులుగా వేలాడేసి కట్టాడు. దూరం నుంచి వచ్చేవాడికి రాళ్లకంటే ముందు అదే కనబడాలి.

పార్వతీదేవి అంతసేపూ చెట్టుకు ఆనుకుని ఆ చేతులనే చూసింది. అయిపోయాక భర్త భుజం మీద చెయ్యి వేసి మొదటి అడుగు వేసింది. రెండో అడుగుకు పళ్లు బిగబట్టి ఆగింది. మళ్లీ వేసింది.

సాయినాథ్ గౌరయ్యను పిలిచి ముడి మీద అతని చెయ్యి పెట్టించాడు.

"వానకు వదులైతది. అయినప్పుడల్ల గీ కొస వట్టి గుంజాలె. గుంజి చూడు."

గౌరయ్య కాలు చెట్టుకు తన్నిపెట్టి లాగాడు. తర్వాత ఒళ్లంతా బొంగు మీద వాల్చాడు. బొంగు కిర్రుమంది గానీ కదలలేదు.

"ఉంటది," అన్నాడు.

సాయినాథ్ మిగిలిన తాడును చుట్ట చుట్టి గౌరయ్య చేతిలో పెట్టాడు.