గేబుల్ అని రాసిన గోడ

1998 వేసవిలో నేను రాజమండ్రిలో ఒక ఇంజినీర్ల కార్యాలయంలో ఫ్రెంచి–ఇంగ్లీషు అనువాదకురాలిగా ఉండగా యానాం పని వచ్చింది. ఫ్రెంచివారి కాలపు బంగళా ఒకటి బాగుచేయడానికి పారిస్ నుంచి వచ్చిన ఆర్కిటెక్టు సూచనలు రాసి వెళ్ళారు. వాటిని ఇంగ్లీషులో పెట్టడం నా వంతు. నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. యానాంలో గుమాస్తాగా చేసిన నాన్నగారే ఇంట్లో కూర్చోబెట్టి రెండు భాషలూ నేర్పారు. ఆయన పెట్టిన ఆ భిక్షతోనే బతికాను.

మా పద్ధతిలో అనువాదకులకు కాగితాలు మాత్రమే ఇచ్చేవారు. నక్షాలు ఇంజినీరు దగ్గర ఉండేవి. ఏడో అంశంలో, ముందువైపు ‘ఫ్రొంతోన్’ బీటలిచ్చింది, విప్పి తీయాలి అని ఉంది. ఫ్రొంతోన్ అంటే గుమ్మం పైన శోభకు కట్టే త్రికోణం, ఇంగ్లీషులో పెడిమెంట్. కప్పు చివర బరువు మోసే త్రికోణపు గోడ వేరు, అది గేబుల్. మా పెంకుటింట్లో ఆ రెండూ ఒకటే గోడ: సున్నంతో చేసిన లక్ష్మీదేవి దానిమీదే, దూలమూ దానిమీదే. వేరువేరుగా ఉంటాయన్న ఊహే నాకు రాలేదు. గేబుల్ అని రాశాను. ఇంజినీరుగారు సంతకం పెట్టారు.

మిగిలిన పేజీలు ఇవ్వడానికి, దారిలో ద్రాక్షారామంలో దర్శనం చేసుకుని, మొదటిసారి ఆ బంగళాకు వెళ్ళాను. గుమ్మం పైన బీటలిచ్చిన త్రికోణం అలాగే ఉంది. దానికి పైన, దూలం కింద గోడలో ఇద్దరు ఇటుకలు ఊడదీస్తున్నారు. కింద నిలబడ్డ మేస్త్రి దగ్గరికి పరుగెత్తాను.

“మేస్త్రిగారూ, ముందు వాళ్ళని దించండి!”

మేస్త్రి వీర్రాజుగారు నవ్వారు. “కాయితంలో గేబులనే ఉందండి. రాసిందీ తమరేనంట, కేకలేసేదీ తమరేనా అండి?”

“తప్పు రాశానండి. తీయాల్సింది గుమ్మం మీదదండి.”

నవ్వు ఆగిపోయింది. ఇంజినీరు రాసిస్తేనే పని ఆపాలని నిబంధన. ఆయన ఆ రోజు కాకినాడలో ఉన్నారు. వీర్రాజుగారు కాగితం అడగలేదు. “ఒరే, పలుగులక్కడే వదిలేసి దిగండెహె!” అన్నారు.

రెండోవాడు నిచ్చెన దిగి నాలుగడుగులు వేశాడో లేదో, దూలం చివర జారింది. పెంకులు వాళ్ళు నిలబడ్డ పరంజా మీద కుప్పగా పడ్డాయి.

మర్నాడు తప్పు నాదేనని రాసిచ్చాను. ఇంజినీరుగారు నన్ను పంపేయలేదు. ఆయనకూ, నా నోటిమాట నమ్మిన వీర్రాజుగారికీ ఇప్పటికీ రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

అటుపైన విరమణ దాకా నక్షా పక్కన లేకుండా కట్టడం పేరు ఒక్కటీ అనువదించలేదు. ఇవ్వకపోతే ఆ చోటు ఖాళీగా వదిలి, ఎందుకో అంచున రాసేదాన్ని. ఖాళీ కనిపిస్తే ఇంజినీరు ఆగి అడుగుతారు. తప్పు మాట కనిపిస్తే మేస్త్రి పని మొదలుపెడతారు.