చెంబులో చింతగింజలు

1956 ఎండాకాలంలో నన్ను కర్నూలులో ఒక ఆసుపత్రి పిల్లల వార్డుకు ఆయాగా వేశారు. ఆయా అంటే అందరికన్నా కింది మెట్టు. మేము చూసింది నర్సమ్మకు చెప్పాలి, ఆమె కేసు షీటులో రాయాలి, పెద్ద డాక్టరు ఉదయం రౌండ్సులో అది చూసి మందు మార్చాలి. రౌండ్సులో ఆయా నోరెత్తకూడదు.

బనగానపల్లె వైపు నుంచి ఓబులమ్మ అనే ఐదేళ్ళ పిల్లను వాళ్ళమ్మ, జేజి తీసుకొచ్చారు. జేజి అంటే నాయనమ్మ. మూడేళ్ళకు వచ్చిన నాలుగు మాటలూ పిల్లకు పోయాయట. రోజంతా తడిబట్ట పిండినట్టు చేతులు నులుముకునేది. మధ్యమధ్య మూర్ఛలు. ఇలాంటి బిడ్డను తానెప్పుడూ చూడలేదని, జబ్బు పేరు తెలియదని డాక్టరే అన్నారు. మూర్ఛలు ఎన్ని వచ్చాయో, ఎంత గట్టివో పక్కనుండే ఇంటివాళ్ళే చెప్పాలన్నారు.

వాళ్ళకు రాత రాదు. నేనే ఒక ఉపాయం చెప్పాను. ఒళ్ళు బిగుసుకుంటే చెంబులో చింతగింజ వేయాలి, కళ్ళు మాత్రం నిలబడిపోతే కందిబేడ, అంటే కందిపప్పు బద్ద, వేయాలి. మరునాడు ఉదయం నేను లెక్కపెట్టి చెంబు ఖాళీ చేస్తే నర్సమ్మ రాసుకునేది. రోజుకు అయిదారు చింతగింజలు ఉండేవి.

ఒక శుక్రవారం సాయంత్రం మాత్ర పెంచారు. ఆదివారం ఉదయం శనివారం లెక్క చూద్దామంటే చెంబులో ఒక్క గింజ లేదు. డాక్టరు సంతోషించారు. సోమవారం ఉదయం చూస్తే ఆదివారం లెక్కకు పదకొండు చింతగింజలు! మందు ఒక్కరోజే పట్టిందనుకుని, ఆ సాయంత్రం నుంచి ఇంకా పెంచమన్నారు. అప్పటికే పిల్ల మగతగా పడి ఉంది. గంజి పోస్తే మింగక పెదవుల పక్కన కారిపోతోంది.

నాకంతా అయోమయంగా ఉంది. శనివారం మధ్యాహ్నం బిగుసుకుపోయిన పిల్లను నా ఒళ్ళోనే పట్టుకున్నాను. మరి ఆ గింజ ఏమైంది? ఏ రోజన్నది నేనే తప్పుగా గుర్తుపెట్టుకున్నానా? చివరికి జేజినే అడిగాను.

"శనివారం మా నరసింహస్వామి దినం గదమ్మా. ఆ పొద్దు రోగాన్ని లెక్కబెడ్తారా యాడన్నా?" అంది.

"మరి ఆదివారం అన్ని పడినాయేం జేజీ?"

"శనివారంవి గూడా ఆదివారమే ఏసినాం. డాక్టరుకు అబద్ధం జెప్తామా? ఏమ్మా, గింజలు నమిలి మింగినామనుకుంటివా?"

పక్కనున్న తల్లి, "మొత్తం సరిగ్గా ఉండాదక్కా, ఒగటి గూడా తప్పలే" అంది.

మొత్తం సరిగ్గానే ఉంది మరి. నర్సమ్మతో చెబితే "ముందే అడగొద్దా నువ్వు?" అని కసురుకుని, సాయంత్రం మాత్ర పడకముందే డాక్టరు దగ్గరకు వెళ్ళింది. ఆయన కేసు షీటులో ఆ పదకొండును రెండు రోజులకు పంచి చూస్తే రోజుకు పాత అయిదారే తేలాయి; మందును పాత మోతాదుకు తగ్గించారు. గురువారానికి పిల్ల గంజి మింగింది. మూర్ఛలు మాత్రం ఆగలేదు. ఆ మాత్ర వల్ల ఏమైనా మేలు జరిగిందో లేదో ఆయనకూ తేలలేదు, నాకు ఈనాటికీ తెలియదు.

ఆ తరువాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ, బిడ్డకు మూర్ఛ ఎన్నిసార్లు వచ్చిందని అడిగే ముందు, మీ ఇంట్లో ఏ రోజు లెక్కపెట్టరని అడిగేదాన్ని.