జకరయ్య ఇంటి ప్రార్థన

ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు తిరిగే బస్సులో జకరయ్య కండక్టరు. ఇంట్లో కుటుంబ ప్రార్థన కూడా బస్సులో డ్యూటీ చేసినట్టే నడుపుతాడు. సాయంత్రం ఏడింటికి చాప పరిచి, తలకాయలు లెక్కపెట్టి, నలుగురూ ఉంటేనే పాట ఎత్తుకుంటాడు. పిల్లలు భక్తిలో పెరగాలని ఆయన తపన. కాకపోతే ఎదురుగా కోప్పడటం చేతకాని మనిషి. కళ్లు మూసుకున్నాకే ధైర్యం వస్తుంది. "ప్రభువా, తిమోతి పుస్తకం అడ్డం పెట్టుకొని ఫోన్ చూస్తాండాడు. కెజియా పాలు పారబోస్తాంది. నువ్వే చూసుకోవల్ల తండ్రీ." ప్రార్థనలో ఉన్న మనిషిని ఎవరూ ఒక్క మాట అనకూడదు, చివర్లో అందరూ ఆమేన్ అనాలి. ఈ రెండూ ఆయన పెట్టిన నియమాలే.

నిన్న మొదటిసారి ఎనిమిదేళ్ల కెజియాకు ప్రార్థన వంతు వచ్చింది. మోకాళ్లూని, అచ్చం నాయన రాగంతోనే మొదలుపెట్టింది. "ప్రభువా, నాయనకు షుగరు. అయినా శనివారం శిరివెళ్లలో బస్సు ఆగితే నా ముందరే మూడు జిలేబీలు తిన్యాడు. అమ్మకు చెప్పవాకు అన్యాడు. అందుకే నీకు చెప్తాండా తండ్రీ."

పక్కనే మోకరించిన భార్య రూతమ్మ ఆమేన్ అందరికన్నా గట్టిగా అంది. పిల్లలు లేచి అన్నాలకు పోయారు. రూతమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకొని అక్కడే నిలబడింది. జకరయ్య మాత్రం కళ్లు తెరవలేదు, ఇంకా ప్రార్థనలోనే ఉన్నాడు.